గ్యాసు బావిలో ఫినాయిల్

పాయఖానాల గురించి ఆడది రాయడమేమిటని ముక్కు మూసుకునేవాళ్ళు ఈ పేజీలు తిప్పేయవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. నేను ఆడపిల్లలకు కెమిస్ట్రీ చెప్పిన దాన్ని. వాసన అంటే గాలిలో కలిసిన పదార్థమే తప్ప ఎవరి పుట్టుకా కాదని చెప్పీ చెప్పీ నా గొంతు బొంగురుపోయింది. ఆ వాసనే ఒకసారి నన్ను నిలువునా ముంచింది. సరిగ్గా చెప్పాలంటే, వాసన ముంచలేదు, నా నోరు ముంచింది. నన్ను కూడా కాదు, ఇంకొకామెను.

డెబ్బైల మొదట్లో నిజామాబాదులో మా గల్లీ ఇళ్ళ వెనక ఒక సన్నని సందు ఉండేది. ప్రతి ఇంటి పాయఖానా కింద ఒక రేకు డబ్బా, ఆ డబ్బా తీయడానికి సందులోకి ఒక చిన్న తలుపు. పొద్దున్నే మునిసిపాలిటీ ఆడవాళ్ళు వచ్చి తలుపు తీసి, డబ్బాలో ఉన్నది తట్టలోకి గీకి, తట్ట తలకెత్తుకుని పోయేవాళ్ళు. వానాకాలంలో తట్ట కారి మెడ మీదుగా రవికెలోకి దిగేది. అది చూసీ చూడనట్టు ఉండటం మా గల్లీలో అందరికీ వచ్చిన విద్య. చదువుకున్న దాన్ని కాబట్టి నాకు ఇంకొంచెం బాగా వచ్చు.

మా ఆయన మునిసిపాలిటీలో ఓవర్సీరు. అప్పటికి పల్లెల్లో అక్కడక్కడా గోబర్ గ్యాసు బావులు కడుతున్నారు. ఇటుకలతో బావి, దానిలో పేడనీళ్ళు, పైన బోర్లించిన ఇనుప డ్రమ్ము. లోపల గ్యాసు పుట్టేకొద్దీ డ్రమ్ము పైకి తేలుతుంది, గొట్టం పెడితే పొయ్యి మండుతుంది. ఎడపల్లిలో ఒక చెరుకు రైతు ఇంట్లో నేను అది చూసి వచ్చాను. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆగలేకపోయాను.

"పేడకు వచ్చే గ్యాసు మనుషుల దానికి ఎందుకు రాదు?"

మా ఆయన ముద్ద కంచంలో పెట్టేశాడు. "అన్నం తినేటప్పుడే యాదికొస్తయా నీకు గిసొంటి ముచ్చట్లు?"

"తిన్నదే కదా అయ్యేది."

"నీకో దండం," అన్నాడు. కానీ వారం తిరక్కుండా నక్షాలు గీసే ట్రేసింగు గుడ్డ బల్ల మీద పరిచి నన్నే పిలిచాడు. మా స్కూలు పక్కన ఆడపిల్లల హాస్టలు ఉంది. భీమ్‌గల్, సిరికొండ వైపు నుంచి వచ్చిన పిల్లలు. కిరసనాయిలు దొరకదు, తడికట్టెల పొగకు వంటామె కళ్ళు ఏడాది పొడుగునా ఎర్రగా ఉండేవి. హాస్టలు వెనక మునిసిపాలిటీ ఖాళీ జాగా ఉంది. మా గల్లీ, పక్క గల్లీ కలిపి ఒక నలభై ఇళ్ళ మలం అక్కడికి తెస్తే, దానికి కొంత పేడ కలిపితే, ఒక పూట వంటకు సరిపడా గ్యాసు వస్తుందని లెక్క కట్టాను. లెక్కలు నావి, గీతలు ఆయనవి, సంతకం ఆయనది. దానికి నేనేం గొడవ పడలేదు. గొడవ పడింది మెట్ల దగ్గర.

ఆయన గీసిన నక్షాలో మలం పోసే తొట్టి ఎత్తుమీద ఉంది, దానికి ఆరు మెట్లు. "ఈ మెట్లెవరు ఎక్కుతారు?" అన్నాను.

"తట్ట తెచ్చినామె."

"అంటే ఇప్పటిదాకా నేల మీద మోసింది, ఇక గాలిలోకి మోయాలా? తొట్టి కిందికి దించు. బావి లోతుకు తవ్వు. చేతిబండి తెచ్చి వంచితే పడిపోవాలి. తల మీదికి ఏదీ రావద్దు."

"రాతినేల. తవ్వుడంటే మజాకనా?"

"మోసుడు మజాకనా?"

రెండు రోజులు మాటల్లేవు మా ఇంట్లో. మూడో రోజు తొట్టి కిందికి దిగింది. ఆ కాగితం చూసి నేను పడ్డ గర్వం ఇంతా అంతా కాదు. ఒక గీత కిందికి జరిపి మనుషుల తలల మీద నుంచి తట్ట దించేశాననుకున్నాను.

డ్రమ్ము బోధన్‌లో చేయించాం. చక్కెర మడ్డి నిలవ చేసే టాంకులు బాగు చేసే ముసలి ముస్లిం మిస్త్రీ ఒకాయన ఉండేవాడు. ఆయన అతుకుల మీద సబ్బునీళ్ళు పూసి, బుడగ వస్తుందేమోనని కళ్ళద్దాలు పైకెత్తి చూస్తూ, "మడ్డి టాంకులు చేసి చేసి నా చేతులకు చీమలు పట్టేటియి అమ్మా. గిప్పుడు దీంతోటి ఈగలు పడ్తయి," అని నవ్వాడు. ఒక్క బుడగ రాలేదు.

బావి దగ్గర ఎవరినన్నా పెట్టాలి. బండ్లు వంచుకోవాలి, నీళ్ళు కొలిచి కలపాలి, వెదురు బొంగుతో తిప్పాలి. నేను మా సందులో వచ్చే ఆమెనే పెట్టమన్నాను. ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో, వాళ్ళు క్రైస్తవులు. ఆదివారం తెల్లచీర కట్టుకుని ప్రార్థనకు పోయేది. మా ఇంటి డబ్బా ఎన్నేళ్ళుగానో ఎత్తుతున్నా, ఆమెతో నేను నాలుగు మాటలు మాట్లాడింది ఆ బావి పుణ్యాన్నే.

"ఈ బావి మంచిగ నడిస్తే నిన్ను ఇక్కడే పర్మినెంటు చేస్తారు. మళ్ళీ నీ తల మీదికి తట్ట రాదు," అన్నాను.

"నడవకపోతె?"

"ఎందుకు నడవదు? లెక్క కట్టింది నేను."

ఆమె నన్ను కింది నుంచి మీదికి చూసింది. "అయితె నడుస్తది తియ్యి. నీ నోటికి బయపడన్న నడుస్తది."

నడిచింది. మొదట పేడతో నింపాం. మూడు వారాలకు డ్రమ్ము మూరెడు పైకి లేచింది. హాస్టలు వంటింట్లో పొయ్యి ముట్టిస్తే మంట నీలంగా, చప్పుడు లేకుండా వచ్చింది. వంటామె దూరంగా నిలబడి, "మంట లెక్కనే ఉన్నది గని, పొగేది?" అని అనుమానపడింది. తరువాత మిగతా ఆడవాళ్ళు డబ్బాలు ఎత్తి తోసుకొచ్చే రెండు గల్లీల బండ్లు మొదలుపెట్టాం. బొంగు తిప్పుతూ ఆమె ఒకరోజు నన్ను పిలిచి, "పంతులమ్మా, మొన్న ఐతారం మందిట్ల కూసున్న," అంది.

నాకు అర్థం కాలేదు.

"తలకు పోసుకున్నా మెడ దగ్గర వాసన పోదు. పక్కపొంటి కూసున్నోళ్ళు జరుగుతరు. గందుకని ఎప్పుడు ఎనక గోడకు కూసుంటుంటి. మొన్న ముంగట వరసల కూసున్న. ఎవ్వలు జరగలె."

అంత మాటకు నేను, నీళ్ళ కొలత సరిగ్గా ఉందా అని అడిగాను.

పొయ్యి వెలిగిన సంగతి ఊరంతా పాకింది. మహిళా మండలిలో నన్ను మాట్లాడమన్నారు. రెండు గల్లీల ఆడవాళ్ళూ వచ్చారు. ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "మా పాయఖానల కెల్లి వచ్చిన మంట మీద పిల్లల బువ్వ ఉడుకుతదా? పాపం తగలదా?" అంది. నేను ఊరుకునే రకమా? అగ్గికి మైల ఉండదన్నాను. చెరుకు తోటకు ఏ ఎరువు వేస్తారో తెలిసే చక్కెర తింటున్నారా అన్నాను. ఆమె నోరు మూయించి కూర్చోబెట్టాను. చివర్లో ఒక సూచన చేశాను. డబ్బాలో బూడిద చల్లే అలవాటు మానుకోండి, బూడిద బావి అడుగున పేరుకుపోతుంది, బావి పూడుతుంది అని. అందరూ తలలూపారు. చప్పట్లు కొట్టారు. ఎవరేమి తలచుకుని ఇంటికి పోయారో అడగాలని నాకు తోచలేదు. వాదనలో గెలిచినవాళ్ళకు అది తోచదు.

పదిహేను రోజులకు డ్రమ్ము దిగడం మొదలుపెట్టింది.

మొదట బెత్తెడు. చలికాలం కదా అనుకున్నాం. తరువాత ఇంకొంచెం. పొయ్యి ఎర్రగా మండి, టపటపలాడి ఆరిపోసాగింది. ఒకరోజు వంటామె కట్టెలు మోసుకుపోతూ నా ముఖం చూడకుండా దాటిపోయింది. హైదరాబాదు నుంచి ఆఫీసర్లు చూడటానికి వస్తున్నారని అప్పటికే కబురు. వాళ్ళు మంచిదంటే మిగతా గల్లీలకు కూడా కడతారు, ఆమె పని పర్మినెంటవుతుంది. లేదంటే లేదు.

వాళ్ళు వచ్చే ముందురోజు మునిసిపల్ కమిషనరు, మా ఆయన, తట్టలెత్తేవాళ్ళకు సందులు పంచే జమేదారు, నేను బావి చుట్టూ నిలబడ్డాం. నేను బొంగుతో కొంచెం జావ పైకి తీశాను. వాసన చూశాను. మలం వాసన కాదు. దాన్ని మించి ఘాటుగా, ఆస్పత్రి వరండా వాసన. ఫినాయిల్. పురుగుల్ని చంపే మందు. బావిలో గ్యాసును పుట్టించే, కంటికి కనబడని పురుగుల్నీ చంపుతుంది.

బండ్లు కడగడానికి మునిసిపాలిటీ వాళ్ళు ఆమెకు ఒక ఫినాయిల్ సీసా ఇచ్చారు. నేను అటు తిరిగి చూశాను. సీసా గోడ మీద ఉంది, ఖాళీగా.

"బావిలో పోశావా?" అన్నాను.

"నేనెందుకు పోస్త?"

"మరి సీసా ఏమైంది?"

"బండ్లు కడిగిన, ఒడిసింది. వాసన బండ్లల్ల వచ్చిన దాంట్లనే ఉంటుంది పంతులమ్మా. వారం సంది చూస్తున్న."

"బండ్లలోకి ఎట్లా వస్తుంది? బండ్లు కడిగేది నువ్వే కదా?"

"కడిగేది సందేల. నీళ్ళతోని మల్ల కడుగుత. పొద్దుగాల వచ్చిన దాంట్లనే..."

"నేను ఫినాయిల్ వాసన గుర్తుపట్టలేననుకున్నావా? పిల్లలకు అదే పాఠం చెప్తాను. కంపు ఎక్కువైందని పోసి ఉంటావు. పోశానని ఒప్పుకో, తప్పేం లేదు. అబద్ధం ఆడకు."

"పొయ్యలేదమ్మా."

"చూశారా సార్," అన్నాను కమిషనరుతో. "ఎన్ని చెప్పినా వీళ్ళకు అర్థం కాదు."

'వీళ్ళు' అన్నాను. ఆ మాట నేను అన్నదే. ఎవరో అన్నారని రాసుకునే వీలు లేదు.

ఆమె బొంగు గోడకు ఆనించింది. నా వైపు చూడలేదు. జమేదారు వైపు చూసి, "రేపటి సంది ఏ సందు?" అని అడిగింది.

ఆఫీసర్లు వచ్చారు. కదలని డ్రమ్ము చూశారు, ముక్కుకు రుమాలు పెట్టుకున్నారు. పట్నాల్లో ఇటువంటివి పనివాళ్ళ అజాగ్రత్త వల్ల నడవవని ఒకాయన అన్నాడు. నేను తలూపాను. టీ తాగి పోయారు.

అయిదారు రోజులకు మా వెనక తలుపు దబదబా కొట్టిన చప్పుడైంది. తీస్తే సందులో ఆమె. తట్ట కింద ఉంది, మా ఇంటి రేకు డబ్బా చేతిలో ఉంది. దాన్ని నా ముఖం ముందుకు చాపింది. నేను వెనక్కి జరిగాను.

"జరగకు. వాసన చూడు. పాఠం చెప్తవు గద."

డబ్బా అడుగున నీళ్ళు పాలలా తెల్లగా ఉన్నాయి. ఫినాయిల్ నీళ్ళలో పడితే అట్లాగే అవుతుందని ఏటేటా బోర్డు మీద రాసేదాన్ని.

"మీ ఇల్లొక్కటే గాదు. గల్లీల సగం ఇండ్లల్ల గిట్లనే ఉన్నది," అంది. "నేను బావికాడ ఉంటి, డబ్బాలు చూడకపోతి. చూస్తె అప్పుడే చెప్పేదాన్ని. నువ్వు ఇంటుంటివో లేదో."

లోపలికి పోయి మా అత్తను అడిగాను. డెబ్బై ఏళ్ళ మనిషి, వత్తులు చేసుకుంటోంది.

"అత్తమ్మా, పాయఖానాలో ఫినాయిల్ పోస్తున్నావా?"

"పోస్తున్న. దినాం పొద్దుగాల. ఏం, ఒడిసిందా?"

"ఎందుకు?"

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "బూడిద చల్లొద్దంటివి గద. ఆడివిల్లల పొయ్యిలకు పోతదంటివి. కట్టెలనే నీళ్ళు చిలకరిచ్చి పొయ్యిల పెడ్తం. పొయ్యికి పొయ్యేదాన్ని ఊకెనే ఎట్ల పంపుతం బిడ్డా? అది కడగరాదు. గందుకే గంత మందు పోస్తున్న. అందరం పోస్తున్నం. బువ్వ ఉడికే అగ్గాయె."

మా అత్త పొయ్యిలో పెట్టే ముందు ప్రతి కట్టె మీదా నీళ్ళు చిలకరిస్తుంది, కుక్క తొక్కిందో కాకి వాలిందోనని. కట్టె తడిసి పొగ వస్తుందని పెళ్ళయిననాటి నుంచీ నేను ఎగతాళి చేస్తున్నాను. ఆ గల్లీలో అందరు ఆడవాళ్ళూ అంతే. నా బావి పాడవ్వాలని ఎవరూ పోయలేదు. నా మాట నమ్మి, పరాయి పిల్లల అన్నం మైలపడకూడదని, ఇంట్లో డబ్బుతో సీసాలు కొనుక్కొచ్చి పోశారు. బావి లెక్కలో ఎంత మలం, ఎంత పేడ, ఎన్ని నీళ్ళు అన్నీ వేశాను. పొయ్యి అంటే వాళ్ళకు ఏమిటో అందులో వేయలేదు. నేను పుట్టి పెరిగిందీ అటువంటి ఇంట్లోనే.

మళ్ళీ సందులోకి వచ్చాను. ఆమె ఇంకా అక్కడే ఉంది.

"తప్పు నాదే," అన్నాను. "నిన్ను అనరాని మాట అన్నాను."

ఆమె డబ్బా తట్టలోకి వంచి, చీపురు పుల్లలతో గీకింది. తలెత్తకుండానే అంది: "అన్ననాడు అందరి ముంగట అంటివి. తప్పన్ననాడు నా ఒక్కదాని ముంగట అంటున్నవు."

తట్ట ఎత్తుకుంది. నేను చేయి వేయలేదు.

సాయంత్రం మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన లేచి వెళ్ళి వెనక తలుపు గడియ పెట్టి వచ్చాడు. తరువాత మెల్లగా, "గీ సంగతి ఆఫీసుల చెప్తె ఏమైతది ఎరుకేనా? ఓవర్సీరు ఇంట్లనే ఫినాయిల్ పోసిండ్రంటరు. మెల్లగ చూద్దాం. ఫైలు ఇంక మూయలేదు," అన్నాడు.

ఆయన మీద పెట్టి తప్పించుకోవడం సులువే. ఆయన ఒక్కసారి అన్నాడు. మిగిలిన రోజులన్నీ నాకు నేనే చెప్పుకున్నాను. బావి కడిగి, మళ్ళీ పేడ వేసి, నడిపించి చూపించాక చెబితే బాగుంటుందని ఒకరోజు. ముందు మహిళా మండలిలో చెప్పి ఫినాయిల్ మాన్పిద్దామని ఒకరోజు. ఆ కొంగు అడ్డం పెట్టుకున్నామె ముఖం గుర్తొచ్చి మండలికీ పోలేదు. నిజామాబాదులో ఎవరితోనైనా, ఏ విషయం మీదైనా వాదించగలదని నాకు పేరు. ఒక్క ముక్క చెప్పడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఆ ఎనిమిది రోజులూ పొద్దున్నే సందులో చిన్న తలుపు తీసిన చప్పుడు వినేదాన్ని. గీకిన చప్పుడు, మళ్ళీ మూసిన చప్పుడు. నేను పక్క మీద నుంచి లేచేదాన్ని కాదు.

తొమ్మిదో రోజు ఒక కాగితం మీద రాసుకుని ఆఫీసుకు పోయాను. జమేదారును కూడా పిలిపించమన్నాను. కమిషనరు గదిలో గుమాస్తాలు ఇద్దరున్నారు, వాళ్ళను కూడా ఉండమన్నాను. నిలబడి చదివాను. బావిలో ఫినాయిల్ ఆమె పోయలేదు, రెండు గల్లీల ఇళ్ళ నుంచి వచ్చింది, అందులో మా ఇల్లు ఒకటి, బూడిద మానమని చెప్పి దాని బదులు ఏమిటో చెప్పనిది నేను, ఆమె నిజం చెబుతుంటే అబద్ధమన్నదీ నేను. మా ఆయన తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మధ్యలో ఆపలేదు. ఆ తరువాత నెల రోజులు ఆఫీసులో ఆయన అన్నం కారియర్ విప్పితే తోటివాళ్ళు ఏమనేవాళ్ళో నాకు చెప్పలేదు కూడా.

కమిషనరు మంచివాడు. అంతా విన్నాడు. "మీరు ముందే వస్తే బాగుండేది మేడమ్," అన్నాడు. "మొన్ననే డ్రమ్ము తీసేసిండ్రు."

స్కూలు వెనక నుంచి పోయి చూశాను. నిజమే. బావి మీద రేకులు కప్పారు. బోధన్ మిస్త్రీ ఒక్క బుడగ రానీయకుండా అతికిన డ్రమ్మును మునిసిపాలిటీ దొడ్డిలో నిలబెట్టి, రోడ్డు పనివాళ్ళకు నీళ్ళు నింపుతున్నారు. మొన్ననే అన్నాడు. అంటే నేను ఏడో రోజు వచ్చినా సరిపోయేదేమో. బావి కడిగి, మళ్ళీ పేడ వేసి గ్యాసు పుట్టించడానికి ఆ చలిలో నెలన్నర పడుతుంది, అన్ని రోజులు ఎవరు ఆగుతారు, సరిపోయేది కాదేమో కూడా. ఈ లెక్క ఇప్పటికీ నాకు తేలలేదు.

ఆ ఏడాదే మేము గుంత తవ్వించి, నీళ్ళు పోసే పాయఖానా కట్టించుకున్నాం. ఆమె ఎత్తే ఇళ్ళలో ఒక ఇల్లు తగ్గింది. మిగతావి అట్లాగే ఉన్నాయి. ఆదివారం ఎక్కడ కూర్చుంటోందో నేను అడగలేదు. అడిగే హక్కు నాకు ఉందనిపించలేదు.

ఆఫీసుకు పోయి వచ్చిన మర్నాడు మాత్రం చీకటి విడకముందే లేచి వెనక సందులో నిలబడ్డాను. ఆమె పక్కింటి డబ్బా ముగించి వచ్చింది. ముక్కు దాకా కొంగు బిగించి కట్టింది.

"నిన్న ఆఫీసులో అందరి ముందూ చెప్పాను," అన్నాను.

"ఇన్న. జమేదారు చెప్పిండు." తట్ట దించింది. "చదివినవంట గద, కాగితం పట్టుకొని."

"ఊ."

"మంచిగ చదివినవంట."

ఆ మాటలో వెటకారం ఉందేమోనని వెతికాను. నా లాంటిదానికి అదే ముందు తోస్తుంది. కనబడలేదు. ఆమె చీపురు పుల్లలు చేతిలోకి తీసుకుని, నేను అడ్డంగా నిలబడ్డ చిన్న తలుపు వైపు చూసింది.

"జెర జరుగమ్మా. పొద్దెక్కుతుంది. ఇంక పద్దెనిమిది ఇండ్లున్నయి."

జరిగాను.